జల్లెడ దాటిన మాటలు

మే 4, సోమవారం

ఆటు వేళకు కట్ట దిగి కొలకర్రలన్నీ చూసి వచ్చాను. ఉత్తరం వైపు రెండు కర్రలకు నత్తగుల్లలు పట్టి ఉంటే గీకేశాను. అన్నీ పనిచేస్తున్నాయి. ఒక్కో కర్ర కట్ట కడుపులోకి చిన్న చప్పుడు పంపి, తిరిగొచ్చే చప్పుడు విని, విన్నది దాచుకుంటుంది. మట్టి గట్టిగా ఉంటే ఒకలా, గుల్లబడితే ఇంకోలా వినిపిస్తుంది. వాటిని కాచుకోవడం నా ఉద్యోగం. ఈ దినచర్య రాయడం కూడా అందులో భాగమే.

మధ్యాహ్నం తీర మండలి పడవ వచ్చింది. అధికారి వరదరాజులు గారు రేవు గోడకు నోటీసు అంటించి, చట్టం ప్రకారం పైకి చదివారు. గవ్వలపేట కట్ట కడుపు గుల్లయిందట. వచ్చే తుపాన్లకు ఆగదట. జులై ఆఖరుకల్లా అందరం లోపలి షెడ్లకు వెళ్లిపోవాలి. ఖాళీ అయిన కట్ట ఓడరేవుకు పోతుంది.

పాత గవ్వలపేట సముద్రం కింద ఉంది. మా అమ్మ తరం వాళ్లు మట్టి మోసి ఈ కట్ట వేసుకుని దీని మీదికి ఎక్కారు. నేను పుట్టింది దీని మీదే.

కర్రలు అలా చెప్పడం లేదని వరదరాజులు గారితో అన్నాను. ఆయన నా వైపు చూడకుండా, మండలి అంచనా మండలికి ఉందన్నారు. దక్షిణపు కొస మెత్తబడిన మాట నిజమే. రాళ్లు పంపమని రెండేళ్లుగా నేనే మండలికి రాస్తున్నాను. ఒక్క రాయి రాలేదు. మిగతా కట్టంతా ఇనుములా ఉంది.

మే 12, మంగళవారం

మెహరున్నీసా ఉత్తరం వచ్చింది. ఈ కొలకర్రలు పాతించిన ఇంజనీరు ఆ అమ్మాయే. అప్పుడు మా ఇంట్లోనే ఉండి, మా వంజరం పులుసు తింటూ, నన్ను అక్కా అనడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎగువనగరంలో మా తరఫు వకీలు దగ్గర పనిచేస్తోంది.

తీర న్యాయస్థానం మా పిటిషన్ తీసుకుంది, జూన్ 22న వింటుంది. అయితే కర్రలు ఏం చెప్పాయో నేను రాసి పంపితే చెల్లదట. రాత ఎవరైనా రాయగలరు. కర్రలు దాచుకున్న అసలు ఫైలే కావాలి. దానిలో ప్రతి కర్రా వేసిన ముద్ర ఉంటుంది. ఒక్క అంకె మారినా ముద్ర చెడిపోతుంది.

నోటీసు గడువులో కట్ట దాటి బయటికి పోయినవాళ్లు ఖాళీ చేసినట్టే లెక్క. అందుకని ఎర్రయ్య మావ వేటకు వెళ్తున్నట్టు వెళ్లి, నడిసముద్రంలో ఉప్పు పడవ వాళ్లకు ఫైలు ఎక్కించిన చిప్పు అందిస్తానన్నాడు. చిప్పును చద్దన్నం ముద్దలో పెట్టి ఇచ్చాను. గస్తీ పడవ ఆపింది. అన్నం గిన్నె కూడా వెతికారు. చిప్పు తీసుకుని, అన్నం సముద్రంలో పారబోసి, మావను వదిలేశారు.

చిప్పు పోయినందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. అన్నం పారబోసినందుకు మాత్రం సాయంత్రం దాకా తిట్టాడు.

మే 18, సోమవారం

ఇక మిగిలింది మెయిల్. ఇంటికి రోజుకో ఉత్తరం మా హక్కు, దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ అక్షరాలే వెళ్లాలి. నా చిన్నప్పుడు దొంగ ముఖాలు, దొంగ గొంతులు మెయిల్‌లో పంపి ఊళ్లు తగలబెట్టారు. అప్పటి నుంచి బొమ్మ గానీ, గొంతు గానీ, ఫైలు గానీ జల్లెడ దాటదు. ప్రతి ఉత్తరాన్నీ వడగట్టే ఆ యంత్రాన్ని జనం జల్లెడ అనే పిలుస్తారు.

ఏ ఫైలు విప్పినా లోపల ఉండేది అంకెలే. సున్నా నుంచి రెండు వందల యాభై ఐదు దాకా, ఒకదాని వెనక ఒకటి. అంకెకో గుర్తు పెట్టి ఉత్తరంలో రాస్తే, అవతల మెహరున్నీసా గుర్తులను మళ్లీ అంకెలు చేసుకుంటుంది. అలా తిరిగొచ్చేది ఫైలే.

మొదట ఇంగ్లీషు అక్షరాలు కలగాపులగంగా రాసి పంపాను. జల్లెడ "ఇది భాష కాదు" అని తిప్పి కొట్టింది. తరవాత కా, కి, కు అని తెలుగు అక్షరాలే పేర్చి పంపాను. అది వెళ్లింది. కానీ జల్లెడ వాటిని తప్పుల తడక అనుకుని దిద్దేసింది. నేను పంపిన "కాలు పు" అవతలికి "కాలువ" అయి చేరింది.

మే 23, శనివారం

ఈ సంగతి మా పైడితల్లి వదినకు చెబుతున్నాను. మా అన్న గురువులు పూడిక తీసే ఓడలో పనిచేస్తాడు, ఏడాదికోసారి వస్తాడు. వదిన, పాప దక్షిణపు కొసన ఉంటారు. రోజూ ఆమె రాసే ఆ ఒక్క ఉత్తరమే వాళ్ల కాపురం.

జల్లెడ మాటలు దిద్దుతుందని నేననగానే వదిన వలను కుట్టడం ఆపేసింది. మొన్నామధ్య "గుంట పెద్దదైపోతంది" అని అన్నకు రాసిందట. అన్న జవాబు వచ్చింది, వెంటనే మట్టి పోసి పూడ్చెయ్యమని. కన్నకూతురి గురించి అలా వెటకారమాడతాడా అని వదిన రెండు వారాలు అతనికి ఉత్తరం రాయలేదు.

అన్న జవాబు కిందే అతనికి అందిన ఆమె ఉత్తరం ఉంటే ఇద్దరం చూశాం. ఆడపిల్ల అని మా యాసలో ఆమె "గుంట" అని రాస్తే జల్లెడ "గొయ్యి" అని పంపింది. ఇంట్లో గొయ్యి పెద్దదవుతోందని చదివి మా అన్న ఓడలో నిద్ర లేకుండా గడిపి ఉంటాడు.

వెనక్కి వెళ్లి ఇంకా చూశాం. ఏటి అన్నచోట ఏమిటి. నేదు అన్నచోట లేదు. సేప అన్నచోట చేప. మూడేళ్ల ఉత్తరాల్లో మా వదిన మాట ఒక్కటీ వదినది కాదు. ఆమె ఒళ్లో వలను పక్కకు నెట్టింది. తరవాత నెమ్మదిగా అంది.

"నా మొగుడికి మూడేళ్లుగా ఎవుర్తో ఉత్తరాలు రాస్తంది. నాను కాదు."

ఆ తరవాత నన్ను అడిగింది, జల్లెడ ముట్టుకోని మాటలు ఏవో మనకు తెలిస్తే పని జరుగుతుందా అని. జరుగుతుందన్నాను. అంకెకో మాట కావాలి, ఎటూ మారని మాట, అంతే.

మే 29, శుక్రవారం

మాటలు ఏరుతున్నాం. వదిన చెబుతుంది, నేను ఉత్తరంలో పెట్టి పంపుతాను, ఏవి చెక్కుచెదరకుండా చేరాయో మెహరున్నీసా రాస్తుంది. పులుసు దాటింది. రోకలి దాటింది. చేట దాటింది. జాడీ దాటింది. బువ్వ దాటలేదు, భోజనమైంది. కోపంలో వచ్చే మాట ఏదీ దాటలేదు. పక్కింటి వాళ్లు కూడా వచ్చి చెబుతున్నారు. వలలు ఆరేసేచోట కూర్చుంటే పొద్దు తెలియడం లేదు.

ఇవాళ దక్షిణం వైపు కర్రకు తీగ ఊడితే మళ్లీ కట్టాను.

జూన్ 2, మంగళవారం

రెండు వందల యాభై ఆరు మాటలు పూర్తయ్యాయి. ఫైలులో మొదటి ముక్కను మాటలు చేసి పంపాను. మాటల లెక్క కలవలేదు. మెహరున్నీసా తనకు అందినది తిప్పి పంపితే, రోజంతా పోల్చి కారణం పట్టుకున్నాను. ఒకే అంకె వరసగా వస్తే ఒకే మాట వరసగా వస్తుంది. "చేట చేట చేట" అని ఉంటే జల్లెడ పొరపాటనుకుని ఒక్క చేట ఉంచి మిగతావి పారేసింది.

ఎర్రయ్య మావ ఇది విని, ఆడవాళ్ల మాటలేనా, మా మాటలు పనికిరావా అన్నాడు. ఆయన ఊరికే ఎత్తిపొడిచాడు గానీ దారి అక్కడే దొరికింది. అంకెకు రెండు మాటలు పెట్టుకుంటే? ఒకటి వంటింటిది, ఒకటి రేవుది. ముందు వంటింటి మాట, తరవాత రేవు మాట, మళ్లీ వంటింటి మాట. మూడు చేటలు రావలసినచోట "చేట, లంగరు, చేట" వస్తుంది. ఒకే మాట పక్కపక్కన పడే అవకాశమే లేదు. రెండు వంటింటి మాటలు పక్కపక్కన కనిపిస్తే మధ్యలో ఏదో జారిపోయిందని అవతలివాళ్లకు తెలుస్తుంది.

జూన్ 4, గురువారం

మావ రేవు మాటలు రెండు రోజుల్లో ఇప్పించాడు. తెడ్డు, తెరచాప, సొర, కెరటం, తిమింగలం. వాటిలో ఎక్కువ భాగం మొదటి దెబ్బకే దాటాయి.

జూన్ 7, ఆదివారం

చేపల వేలంపాట జరిగేచోట అందరం కూర్చున్నాం. ఫైలులో ఏముందో దాచకుండా చెప్పాను. కట్ట గట్టిగా ఉందని ఉంది. దక్షిణపు కొస మెత్తబడిందనీ ఉంది. ఆ భాగం కోసేసి పంపుదామంటే కుదరదు. కోస్తే ముద్ర చెడుతుంది.

కొసన ఉన్నవి పదిళ్లు. కోర్టు ఆ పదిళ్లనూ ఖాళీ చెయ్యమంటే ఏం చేస్తారని ఒకరన్నారు. అసలు పంపకపోతే అందరం పోతామని ఇంకొకరన్నారు. మాటలు పెరిగాయి. పదిళ్ల వాళ్లు ఒకవైపు, మిగతావాళ్లు ఒకవైపు అయ్యేలా ఉంది. నేను పైడితల్లి వదిన వైపు చూడలేకపోయాను.

ఆమే లేచింది.

"మా కొస మెత్తబడిందని నాకు తెలవదా? పోటొస్తే నా పొయ్యికాడ నీరు ఊరతంది. మండలోడు కట్టంతా గుల్ల అని అబద్ధం ఆడితే, మనం కట్టంతా గట్టి అని ఇంకో అబద్ధం ఆడాలా? ఉన్నది ఉన్నట్టు పంపు అసిరీ. రాళ్లు ఎయ్యమని అడుగుదుము."

దాంతో అందరూ ఒప్పుకున్నారు. ఫైలును ముక్కలు చేసి, ప్రతి ఇల్లూ రోజుకో ముక్కను తన ఉత్తరంగా పంపాలి. అయితే తన ఉత్తరం మాత్రం ఇవ్వలేనని వదిన నాతో విడిగా చెప్పింది. మండలి తన మెయిల్ ఖాతా మూసేస్తే అన్నతో మాట పోతుంది. ఇవ్వొద్దని నేనే అన్నాను.

జూన్ 11, గురువారం

నిన్నటి నుంచి పంపుతున్నాం. వదిన కాకుండా ఇంకా కొందరు వెనక్కి తగ్గారు, వాళ్లను ఏమీ అనలేదు. మిగతా ఇళ్లవాళ్లు పొద్దున్నే నేను కర్రల కొలతలు తీసే గదికి వస్తారు. నేను వాళ్లవాళ్ల ముక్క ఇస్తాను, వాళ్లు తమ ఖాతాలోంచి తమ పేరు మీద పంపుతారు. ఫైలు సైజు ఒక సినిమా పాటంత కూడా లేదు, మాటలుగా మారేసరికి కొండంత అయింది. ప్రతి ఉత్తరం చివర సరిచూసుకునే మాట ఒకటి ఉంటుంది. అది కలిస్తే మెహరున్నీసా "అందరూ క్షేమం" అని ఆ ఇంటికి జవాబు రాస్తుంది.

మధ్యాహ్నం వరదరాజులు గారు వచ్చారు. చేతిలో మా ఉత్తరాల ప్రతులున్నాయి. ఒకటి తీసి అందరి ముందూ చదివారు. "పులుసు తెడ్డు జీలకర్ర లంగరు ఉట్టి సొర." ఇదేమిటన్నారు.

ఎర్రయ్య మావ ముందుకొచ్చాడు.

"మా బావమరిదికి రాసుకున్నాను బాబూ. అందులో తెలుగు కాని మాట ఏదైనా ఉంటే సూపించండి, తీసెత్తాను."

వరదరాజులు గారు ప్రతులు తిరగేశారు. చూపించడానికి ఏమీ లేదు. చట్టం అక్షరాలుండాలంది, అవి ఉన్నాయి. భాష అయి ఉండాలంది, ప్రతి మాటా నిఘంటువులో దొరుకుతుంది. ఆయన అప్పుడు నా దగ్గరికి వచ్చి, విచారణ పేరుతో అనుమానం ఉన్న ఖాతాలు మూసే అధికారం మండలికి ఉందని, ఉద్యోగం ఉన్నదాన్ని కాబట్టి ఆలోచించుకోమని అన్నారు. ఆలోచించాకే మొదలుపెట్టానని చెప్పాను.

సాయంత్రానికి నా ఖాతా మూసేశారు.

జూన్ 16, మంగళవారం

రోజూ కొన్ని ఖాతాలు మూసేస్తున్నారు. ఖాతా పోయినవాళ్లు కూడా పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నారు. మూసిన ఇంటి వాటా పక్కింటివాళ్లు పంపుతున్నారు. పోటీ పడి పంపుతున్నారంటే అబద్ధం కాదు. "మీది ఇంకా మూయలేదా" అని ఒకరినొకరు ఆటపట్టిస్తున్నారు.

ఇవాళ ఆఖరి ముక్క వెళ్లింది. దాంతోపాటే, పంపేవాళ్లలో మిగిలిన ఆఖరి ఇంటి ఖాతా కూడా పోయింది. ఇప్పుడు కట్ట మీద తెరిచి ఉన్నవి, మాతో కలవని ఇళ్లవే.

జూన్ 18, గురువారం

పైడితల్లి వదినకు మెహరున్నీసా ఉత్తరం రాసింది. అందరూ క్షేమమేగానీ ఎర్రయ్య మావ ఒక్కడికే ఒంట్లో బాగోలేదట. అంటే ఖాతా మూతపడే ముందు ఆయన పేరున వెళ్లిన ఆఖరి ఉత్తరం కలవలేదు. ముద్ర తెరుచుకోవడం లేదు. నాలుగు రోజుల్లో విచారణ.

జల్లెడ కొత్తగా ఏదో దిద్దుతోందనుకుని భయపడ్డాను. మావ పంపిన ప్రతి తీసి నా దగ్గరున్నదానితో ఒక్కో మాటా పోల్చాను. సగం దాకా వచ్చేసరికి దొరికింది. నేనిచ్చిన ముక్కలో "అత్త తిమింగలం" అని ఉంది. మావ పంపినదాంట్లో "అత్త వెన్నెల" అని ఉంది. అడిగితే ముందు తల వంచుకున్నాడు.

"నా పేరుమీద ఎల్లే ఉత్తరం గదమ్మా. సచ్చిపోయిన మా అత్తని తిమింగలం అని నానెలా రాసేది?"

నాకు కోపం రావాలి. రాలేదు. గదిలో అందరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం, మావతో సహా. నవ్వు ఆగాక, ఆ ఉత్తరాన్ని మళ్లీ ఎవరు పంపాలన్న ప్రశ్న మిగిలింది. మావ ఖాతా మూతపడింది. మాతో కలవని ఇళ్లలో ఇద్దరిని అడిగాను. కుదరదన్నారు. వాళ్ల భయం నాకు అర్థమయింది.

వదినను అడగలేదు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటోంది. లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని, తన ఖాతా తెరిచింది. వద్దు వదినా అన్నాను. అన్న ఓడ కార్తీకం దాకా రాదని గుర్తుచేశాను.

"ఆయనకి అందేది ఎలాగూ నా మాట కాదు. ఇదైనా నా సేత్తో మారకుండా ఎల్తంది. ఇలాగియ్యి."

ముక్కను రెండుసార్లు మాట మాటా సరిచూసుకుంది. తరవాత పంపింది. చీకటి పడక ముందే ఆమె ఖాతా మూసేశారు. చేరిందో లేదో తెలిసే దారి మాకు ఇంక ఒక్కటీ లేదు.

జూన్ 22, సోమవారం

కొలతలు మామూలే. ఎవరూ వేటకు వెళ్లలేదు.

జూన్ 25, గురువారం

మండలి పడవ వచ్చింది. వరదరాజులు గారు దిగారు. అదే గోడ దగ్గర పాత నోటీసు మీద కొత్త కాగితం అంటించారు. చట్టం ప్రకారం పైకి చదవాలి కాబట్టి చదివారు.

న్యాయస్థానానికి అందిన కొలతల ఫైలు ముద్ర చెడకుండా ఉంది. కట్ట అంతటా గుల్లయిందన్న మండలి మాటకు ఆధారం లేదు. ఖాళీ చేయించడం ఆపాలి. దక్షిణపు కొసన మండలి తన ఖర్చుతో నెలలోగా రాళ్లు వేయాలి, అప్పటిదాకా ఆ పది కుటుంబాలూ కట్ట మీదే వేరే ఇళ్లలో ఉండాలి. మూసిన ఖాతాలన్నీ వెంటనే తెరవాలి.

ఆయన చదవడం ముగించారు. వెనక నుంచి ఒక ముసలామె తనకు చెవులు సరిగా వినబడవని, ఇంకోసారి చదవమని అడిగింది. ఆయన మళ్లీ మొదటి నుంచి చదివారు.

వదిన, పాప సాయంత్రం మా ఇంటికి వచ్చేశారు. వంటపాత్రలు మోయడానికి ఎర్రయ్య మావ సాయం పట్టాడు.

జూన్ 30, మంగళవారం

ఖాతాలు తెరుచుకున్నాయి. మెహరున్నీసా పొడుగు ఉత్తరం రాసింది. కోర్టులో మండలి వకీలు లేచి, ఇది ఫైలు కాదు, పల్లెవాళ్ల ఉత్తరాలని వాదించాడట. ఎగతాళిగా ఒక వరస పైకి చదివాడట, హాలంతా నవ్విందట. న్యాయమూర్తి నవ్వలేదట. మాటలన్నీ తన ఎదుటే అంకెలు చెయ్యమని మెహరున్నీసాను పిలిచిందట. ముద్ర తెరుచుకునేదాకా ఎవరినీ బయటికి పోనివ్వలేదట. తెరుచుకున్నాక వకీలును చూసి, "మీరు చదివింది కట్ట చెప్పిన సాక్ష్యం, కూర్చోండి" అందట.

అన్న రాసిన రెండు ఉత్తరాలు వచ్చి ఆగి ఉన్నాయి. వదిన వాటిని పట్టుకుని లోపలికి వెళ్లింది. ఏం రాశాడో నేను అడగలేదు.

జులై 20, సోమవారం

మండలి రాళ్ల పడవ ఒక్కటే వచ్చింది. మిగతావి వస్తాయని రాస్తున్నారు. తుపాన్లు వాళ్ల కోసం ఆగవు కదా. అందుకని పొద్దున్నుంచి మేమే మొదలుపెట్టాం. పాత గవ్వలపేట ఇళ్ల గోడల రాళ్లు ఆటు సమయంలో బయటపడతాయి. వాటిని పీకి, వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి అందిస్తూ కొసకు చేరుస్తున్నాం.

పని మధ్యలో మండలి కొత్త ఆదేశం మెయిల్‌లో వచ్చింది. నేను ఒక రాయి మీద నిలబడి అందరికీ వినబడేలా చదివాను. ఇకనుంచి క్రియ లేని వాక్యం జల్లెడ దాటదు. ప్రతి వాక్యంలోనూ ఏదో ఒక పని జరుగుతున్నట్టు ఉండాలి. అంటే మేము కూర్చిన రెండు పట్టీలూ నేటితో పనికిరావు. రాళ్లు వేశాక కొస ఎలా ఉందో చూపే కొలతలు వచ్చే నెల కోర్టుకు పంపాల్సి ఉంది.

వరస కాసేపు ఆగింది. ఎర్రయ్య మావ చేతిలో రాయి అలాగే ఉంది. క్రియ అంటే ఏటమ్మా అని అడిగాడు. పని చెప్పే మాట అన్నాను.

పైడితల్లి వదిన ఆయన చేతిలోంచి రాయి అందుకుని, పక్కవాళ్లకు ఇచ్చి, నడుం నిలబెట్టి అంది.

"అంతేనా? మనకి పన్లకేటి కరువు? రాసుకో అసిరీ. దంచింది. సెరిగింది..."

చెరిగింది అని రాయాలి వదినా, లేకపోతే జల్లెడ దిద్దుతుందన్నాను.

"సరే, అలాగే రాయి. వడగట్టింది. ఆరేసింది. ఈదింది."

"లాగింది," అన్నాడు మావ.

"మోసింది," అన్నారు వరసలో ఎవరో.

రాళ్లు మళ్లీ కదిలాయి. ఒక్కో రాయితో పాటు ఒక్కో మాట నా దాకా వస్తోంది. తడి చేతులతోనే రాసుకుంటున్నాను. పోటు మొదలయ్యేలోగా వంద దాటాయి.